నలుగురికీ నాలుగు టైములు: ఏ ఆట కొనుక్కోవాలి?

ప్రశ్న: మేం నలుగురం కాకినాడలో ఇంజినీరింగ్ చదివాం. నాలుగేళ్లూ ఒకటే రూమ్. లాక్‌డౌన్‌లో రోజూ రాత్రి కలిసి పబ్‌జీ ఆడేవాళ్లం. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో యూకే షిఫ్ట్ చేస్తున్నాను, రాత్రి పదిన్నరకి గానీ ఖాళీ దొరకదు. ఒకడు డాలస్‌లో ఉన్నాడు. ఒకడు వైజాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, వారం వారం మారే ఏ, బీ, సీ షిఫ్టులు. ఇంకొకడు బెంగళూరులో ఉన్నాడు, వాడికి ఎనిమిది నెలల పాప. వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడదామంటే డాలస్ వాడు మా లాబీలోకే (ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే గది) రాలేకపోయాడు. తర్వాత వాల్‌హైమ్ మొదలుపెట్టాం, అడవిలో బతుకుతూ ఇళ్లు కట్టుకునే ఆట. అది నా కంప్యూటర్‌లో నడుస్తుంది. నేనూ డాలస్ వాడూ కాస్త ముందుకు వెళ్లిపోయాం. బెంగళూరు వాడు రెండు వారాల తర్వాత వచ్చి, "ఇక్కడ నాకేం పనుందిరా?" అని వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ గ్రూప్‌లో మెసేజ్‌లు చూస్తాడు, జవాబివ్వడు. వైజాగ్ వాడికి ఫోనూ ఒక పాత లాప్‌టాపూ తప్ప లేవు, దాంట్లో వాల్‌హైమ్ నత్తనడక. వారానికి ఒక టైమ్ ఫిక్స్ చేసి అందరూ తప్పకుండా రావాలని రూల్ పెట్టాలా? లేక ఆట మార్చాలా? డాలస్ వాడేమో తలా కొంత వేసుకుని రమ్మీ ఆడదామంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

రూల్ పెట్టకండి. ఆట మార్చండి. రూల్ ఎందుకు పనిచేయదో ముందు గడియారం దగ్గర పెట్టుకుని చూద్దాం.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్ మనకంటే 10.30 గంటలు వెనక ఉంటుంది. మిగతా నెలల్లో 11.30 గంటలు. మామూలు రోజుల్లో మీరు రాత్రి 10.30కి లాగౌట్ అయ్యేసరికి అక్కడ మిట్ట మధ్యాహ్నం, మీవాడు ఆఫీసులో ఉంటాడు. కాబట్టి ఆ టైముకి మీకు ప్రతి వారం దొరికేది బెంగళూరు వాడు ఒక్కడే, అదీ పాప పడుకుంటే. డాలస్ వాడితో కుదిరేది మన శనివారం, ఆదివారం పొద్దున్నే. ఇక్కడ శనివారం ఉదయం 8.30 అంటే అక్కడ శుక్రవారం రాత్రి 10, చలికాలంలో 9. ఇద్దరికీ హాయిగా ఉండే టైమ్ అది.

ఇక వైజాగ్. ఏ షిఫ్ట్ వారంలో తెల్లవారుజామునే లేవాలి కాబట్టి రాత్రి 10.30కి రాలేడు, శనివారం పొద్దున డ్యూటీలో ఉంటాడు. సీ షిఫ్ట్‌లో రాత్రంతా డ్యూటీ, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటాడు. మీ రెండు టైములూ కుదిరేది మధ్యాహ్నం మొదలయ్యే బీ షిఫ్ట్ వారంలోనే. అంటే అన్నీ కలిసొచ్చినా, పాపకి జలుబు చేయకపోయినా, నలుగురూ ఒకేసారి దొరికేది మూడు వారాలకోసారి. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పకుండా రావాలన్న రూల్ పెడితే మూడు వారాల్లో రెండుసార్లు ఒక స్నేహితుణ్ని దోషిలా నిలబెడతారు, అంతే.

నలుగురూ కలిసే రోజు కోసం ఆట కొనుక్కుంటే ఆ ఆట మూలన పడుతుంది. మీరు కొనాల్సింది ఇద్దరే దొరికిన రోజున ఆడుకోవడానికి. మీ జాబితాలో ఏ ఆట ఉన్నా సరే, "బాగుంటుందా?" అని అడిగే ముందు "ఈ వారం రానివాడికి ఇందులో ఏమవుతుంది?" అని అడగండి. సగం ఆటలు అక్కడే పోతాయి.

వాల్‌హైమ్‌నే తీసుకోండి. చాలా మంచి ఆట, నాకూ ఇష్టం. ఇందులో పాత్ర ఎవరిది వాళ్లదే, వస్తువులూ నైపుణ్యాలూ వాళ్లతోనే ఉంటాయి. కానీ ప్రపంచం అందరిదీ. పైగా మీ ప్రపంచం మీ కంప్యూటర్‌లో ఉంది కాబట్టి మీరు లేకపోతే మిగతా ముగ్గురికీ తలుపు మూసే ఉంటుంది. ఈ సంగతి మీకు తట్టి ఉండదు, ఎందుకంటే మీరు వెళ్లినప్పుడల్లా అది తెరిచే ఉంటుంది కదా. మీవాడికి పాప పడుకున్న టైమ్ రాత్రి తొమ్మిదిన్నరకి దొరికితే, మీరు ఆఫీసు కాల్‌లో ఉంటే, ఆ రోజుకి వాడికి ఆట లేనట్టే.

రెండోది ఇంకా ముఖ్యం. వాడు రెండు వారాల తర్వాత వచ్చేసరికి మీరిద్దరూ కంచు దాటి ఇనుము దాకా వెళ్లి ఉంటారు. ఇల్లు కట్టేశారు, బాస్‌లని, అంటే పెద్ద శత్రువులని, చంపేశారు. మీలాంటి వాళ్లు ఇక్కడ ప్రేమతోనే ఒక పని చేస్తారు: పెట్టె తెరిచి, "ఇదిగో ఇనప కవచం, ఇదిగో గొడ్డలి, వేసేసుకో" అంటారు. అప్పుడు వాడికి మిగిలేదేమిటి? ఆ ఆటలో సరదా అంతా ఆ గొడ్డలి దాకా నడిచి వెళ్లడంలోనే ఉంది. మీరిచ్చింది బహుమతే, కాకపోతే దాంతో వాడి ఆట మొత్తం అయిపోయింది. "నాకేం పనుంది?" అన్నది అలక కాదు, ఉన్న మాటే.

దీనికి ఆటలోనే కొంత మందు ఉంది. వాల్‌హైమ్‌లో బాస్‌ని ఎన్నిసార్లయినా పిలవచ్చు. మొదటి బాస్ ఐక్థిర్‌ని రప్పించడానికి రెండు జింక ట్రోఫీలు బలిపీఠం మీద పెడితే చాలు. మీరిద్దరూ మంచి ఆయుధాలు పెట్టెలో వదిలేసి, చెక్క విల్లులు పట్టుకుని వాడితో మళ్లీ వేటకి వెళ్లచ్చు. కానీ ప్రతి నెలా ఇలా వెనక్కి నడవడం మీకూ విసుగే. ఆ ప్రపంచాన్ని మీకూ డాలస్ వాడికీ ఉంచేసుకోండి. దాన్ని నలుగురి ఆట అనుకోవడం మానేయండి.

నలుగురికీ నేను చెప్పేది డీప్ రాక్ గెలాక్టిక్. డెన్మార్క్ వాళ్లు చేసిన ఆట, పూర్తి రూపంలో 2020లో వచ్చింది. గడ్డాల మరుగుజ్జులు నలుగురు ఒక గ్రహం లోపలికి దిగి గనులు తవ్వుతారు, పురుగులు మీద పడితే కాలుస్తారు. కథ గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, అవసరమూ లేదు. దీని నిర్మాణం మాత్రం మీ కోసమే చేసినట్టుంటుంది. ఒక్కో మిషన్ సుమారు 20 నుంచి 40 నిమిషాలు, అది పొడుగుదో పొట్టిదో ఎంచుకునేటప్పుడే తెరమీద గుర్తు చూపిస్తుంది. మిషన్ అయ్యాక మిగిలిపోయిన పని ఏదీ ఉండదు. షేర్ ఆటోలా ఎవరు ఎక్కడైనా ఎక్కచ్చు, ఎక్కడైనా దిగచ్చు. ఇద్దరే ఉంటే ఇద్దరికి తగ్గట్టు, నలుగురుంటే నలుగురికి తగ్గట్టు పురుగులు వస్తాయి. ఒక్కడే ఆడినా తోడుగా బాస్కో అని ఒక చిన్న డ్రోన్‌ని ఇస్తారు. మీరు సంపాదించినవి మీ పాత్రకే చెందుతాయి కాబట్టి మీరు వంద మిషన్లు ఆడి, మీవాడు పదే ఆడినా కలిసి దిగడానికి అడ్డేమీ లేదు. మీ తుపాకులు కాస్త బలంగా ఉంటాయి, అంతే తేడా. వాడు స్కౌట్ అనే పాత్ర తీసుకుంటే గుహ పైకప్పుకి దీపాలు కొట్టే పని వాడిదే. మీ లెవెల్ ఎంతైనా ఆ వెలుతురు లేకపోతే మీకు ఏమీ కనబడదు. వచ్చిన ప్రతిసారీ వాడికి చేయడానికి పని ఉంటుంది.

బెంగళూరు వాడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాప ఏ క్షణాన లేస్తుందో తెలియని మనిషికి కావాల్సింది చిన్న ఆట అని చాలామంది అనుకుంటారు. కానీ వాడికి నిజంగా కావాల్సింది వదిలేసి లేచిపోయినా ఎవరికీ నష్టం రాని ఆట. డీప్ రాక్‌లో మధ్యలో లేచిపోతే శిక్షలేమీ ఉండవు. చివర్లో కౌంట్‌డౌన్ మొదలై అందరూ పైకి తీసుకెళ్లే పాడ్ వైపు పరిగెత్తేటప్పుడు కూడా, కనీసం ఒక్కరు ప్రాణాలతో ఎక్కితే మిషన్ గెలిచినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: వాణ్ని ఎప్పుడూ హోస్ట్‌గా (ఎవరి కంప్యూటర్‌లో ఆట నడుస్తుందో వాళ్లు) పెట్టకండి. ఈ ఆటలో హోస్ట్ వెళ్లిపోతే మిషన్ అందరికీ ఆగిపోతుంది. హోస్ట్ మీరే ఉండండి. అప్పుడు పాప ఏడిస్తే వాడు "వస్తానురా" అని హెడ్‌ఫోన్ తీసేసి వెళ్లిపోగలడు. ఆ స్వేచ్ఛ ఉందని తెలిస్తేనే అసలు వస్తాడు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. చాలా ఆటల్లో సీజన్ గడువు ముగిసిపోతే అందులోని వస్తువులు చేజారిపోతాయి, దాంతో రానివాడికి రెట్టింపు నష్టం. డీప్ రాక్‌లో 2024 ఐదో సీజన్ నుంచి పాత సీజన్లలో ఏది కావాలంటే అది ఎంచుకుని ఆడచ్చు. వైజాగ్ వాడు ఆరు నెలలు రాకపోయినా ఏదీ మిస్ కాడు. డాలస్ వాడి పింగ్ (సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం) గురించి భయం వద్దు. మనకీ అమెరికాకీ మధ్య 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే, మనుషుల మీద మనుషులు కాల్చుకునే ఆటల్లో అది ప్రాణాంతకం. పురుగులు అంత పట్టించుకోవు. నలుగురూ కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోనే కొనాలి, ఎందుకంటే స్టీమ్ వాళ్లూ ప్లేస్టేషన్ వాళ్లూ ఇందులో కలిసి ఆడలేరు.

వైజాగ్ వాడి పాత లాప్‌టాప్ దీన్ని మోస్తుందా అన్నది అసలు ప్రశ్న. కాబట్టి ముందు వాడితోనే కొనిపించండి, మీరు కాదు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగచ్చు. గ్రాఫిక్స్ అన్నీ తగ్గించి ఒక మిషన్ ఆడి చూడమనండి. నడిస్తే మిగతా ముగ్గురూ కొనండి.

నడవకపోతే మైన్‌క్రాఫ్ట్, అదీ బెడ్‌రాక్ ఎడిషన్. జావా ఎడిషన్ అని ఇంకోటి ఉంది, రెండూ ఒకదాంతో ఒకటి కలవవు, కొనేటప్పుడు చూసుకోండి. బెడ్‌రాక్ అయితే వాడు ఫోన్‌లో, మీరు కంప్యూటర్‌లో, అందరూ ఒకే ప్రపంచంలో ఉండచ్చు. మీలో ఒక్కరు రెల్మ్స్ చందా కడితే ఆ ప్రపంచం వాళ్ల సర్వర్‌లో 24 గంటలూ తెరిచి ఉంటుంది. చందా కట్టినవాడు నిద్రపోతున్నా మిగతావాళ్లు వెళ్లచ్చు. సీ షిఫ్ట్ నుంచి వచ్చి నిద్రపట్టని పొద్దున వైజాగ్ వాడు ఒక్కడే వెళ్లి పొలానికి కంచె కట్టి, బోర్డు మీద "ఆవులకి గేటు వేయండిరా" అని రాసి పోవచ్చు. మీరు రాత్రి 10.30కి చూస్తారు. ఒకే టైములో లేకుండా ఒకే ఇంట్లో ఉండటం ఇందులో బాగా కుదురుతుంది. మీ వాల్‌హైమ్ గొడవ ఇక్కడా రాకుండా ఒక మాట అనుకోండి: ఇల్లు ఎవరైనా కట్టచ్చు, ఎంతైనా తవ్వచ్చు, కానీ ఆటలో నెదర్, ఎండ్ అనే వేరే లోకాలకి మొదటిసారి వెళ్లేది మాత్రం వైజాగ్ వాడి బీ షిఫ్ట్ వారంలోనే.

ఏ ఆట కొన్నా కొనకపోయినా, దాంతోపాటు ఒకటి నడపండి. నా మటుకు నాకు మీ నలుగురినీ నిజంగా కలిపి ఉంచేది ఇదే. బోర్డ్ గేమ్ అరీనా అనే సైట్‌లో బోర్డు ఆటలని టర్నుల పద్ధతిలో ఆడచ్చు. మీ వంతు వస్తే తెలుస్తుంది, వీలున్నప్పుడు వేస్తారు, ఫోన్ బ్రౌజర్ చాలు. కార్కసాన్‌తో మొదలుపెట్టండి. చదరపు పలకలు ఒక్కొక్కటే పేర్చుతూ కోటలూ దారులూ కట్టే ఆట, పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మొత్తం 72 పలకలు, ఒకటి ముందే వేసి ఉంటుంది. నలుగురు ఆడితే ఒక్కొక్కరికి సుమారు 18 వంతులు. రోజుకో చుట్టు తిరిగినా మూడు వారాల లోపు ఒక ఆట అయిపోతుంది. వైజాగ్ వాడు కంపెనీ బస్సులో ఇంటికొస్తూ పలక వేస్తాడు, డాలస్ వాడు లంచ్‌లో వేస్తాడు, బెంగళూరు వాడు పాపని భుజాన వేసుకుని ఒంటి చేత్తో వేస్తాడు. మీరు కట్టుకుంటున్న కోట పక్కన ఎవడో కావాలని పనికిరాని పలక పెడతాడు. చచ్చిపోయిన వాట్సాప్ గ్రూప్‌లో మళ్లీ తిట్లు మొదలవుతాయి. టైమ్ గడువు పెట్టేటప్పుడు మాత్రం వంతుకి కనీసం ఒకటి రెండు రోజులు ఉండేలా నెమ్మదైన స్పీడ్ ఎంచుకోండి, లేకపోతే సీ షిఫ్ట్ వాడు నిద్రలోనే ఓడిపోతాడు.

ఇదే దారిలో ఎవరైనా సివిలైజేషన్ 6 అంటారు, పాతకాలం నుంచి రాజ్యం కట్టుకుంటూ వచ్చే ఆట. అందులో ప్లే బై క్లౌడ్ అని టర్నుల పద్ధతి ఉంది, నిజమే. కానీ లెక్క చూడండి: వేగంగా నడిచే ఆన్‌లైన్ స్పీడ్ పెట్టినా ఆట 250 టర్నుల దాకా సాగుతుంది. రోజుకో టర్ను చొప్పున ఎనిమిది నెలలు పైనే. మీవాడి పాప నడక నేర్చుకునేసరికి కూడా మీరు గుర్రాల మీదే ఉంటారు. ఇద్దరిద్దరుగా కావాలంటే లిచెస్‌లో కరస్పాండెన్స్ చదరంగం పెట్టుకోండి, పూర్తిగా ఉచితం, ఒక్క ఎత్తుకి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు.

జోలికి పోకూడనివి కూడా చెప్తాను. వాలరెంట్‌లో అకౌంట్ ఏ ప్రాంతానిదైతే ఆ ప్రాంతం వాళ్లతోనే ఆడాలి, మీ డాలస్ వాడు రాలేకపోయింది అందుకే. ఏదో తిప్పలు పడి కలిసినా, మధ్యలో లేచిపోతే శిక్ష పడే ఆట అది, పసిపాప ఉన్న ఇంటికి పనికిరాదు. పాత రోజుల మీద బెంగతో బీజీఎంఐకి వెళ్దామనీ అనిపిస్తుంది. అది మన దేశానికే చేసిన వెర్షన్, అమెరికాలో వాడు ఆడే పబ్‌జీ మొబైల్‌తో కలవదు. స్టార్‌డ్యూ వ్యాలీ ప్రశాంతమైన వ్యవసాయం ఆట అని పేరు, ఒంటరిగా ఆడితే అంతే. కలిసి ఆడితే పొలం ఓనర్ ఆన్‌లైన్‌లో ఉంటేనే అందరికీ తెరుచుకుంటుంది, ఆటలో రాత్రి రెండయ్యేలోపు రోజు ముగించాలంటే అందరూ మంచం ఎక్కాలి. రోజు నిడివి సుమారు 14 నిమిషాలే, మీవాడు పాలసీసా కడగడానికి వెళ్లి వచ్చేసరికి సాయంత్రమైపోతుంది.

రమ్మీ వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇప్పటికే ఒకడు మాట్లాడటం లేదు. వాడి దగ్గర అయిదు వందలు గెలిచి మీరు బాగుచేయగలిగేది ఏమీ లేదు.

ఇక ఆ మౌనం. గ్రూప్‌లో "ఎప్పుడు ఖాళీరా?", "ఈ వారమైనా వస్తావా?" అని పోల్స్ పెట్టడం ఆపండి. చిన్న పాప ఉన్నవాడికి అలాంటి ప్రతి మెసేజూ ఒక టెన్షన్, రాలేనని ప్రతిసారీ తనే చెప్పుకోవాలి కాబట్టి చూసి ఊరుకుంటాడు. దానికి బదులు మీరుండే టైమ్ మీరు చెప్పండి. "శనివారం పొద్దున 8.30 నుంచి పదింటి దాకా నేను ఉంటా, లాబీ తెరిచే ఉంటుంది." అంతే, ప్రశ్న గుర్తు లేకుండా. వాడు 9.20కి వచ్చి 20 నిమిషాలు ఉండి పోయినా "అప్పుడేనా?" అనకండి. ఎవరూ రాకపోతే మీరూ బాస్కో కలిసి ఒక మిషన్ చేసుకుని, ఆ సంగతి గ్రూప్‌లో మొరపెట్టుకోకుండా టిఫిన్‌కి వెళ్లండి. వాల్‌హైమ్ సంగతి మాత్రం గ్రూప్‌లో కాకుండా వాడికే ఫోన్ చేసి, "నువ్వు లేకుండా ముందుకెళ్లిపోయాం, నీకు ఏమీ మిగల్చలేదు" అని ఒక్క వాక్యంలో ఒప్పేసుకోండి. తర్వాత పాప గురించి అడగండి. కొత్త ఆట పేరు ఆ ఫోన్‌లో ఎత్తకండి. మర్నాడు కార్కసాన్ లింక్ పంపండి చాలు, పలక వేస్తాడు.

కొనేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. డాలస్ వాడు ఉద్యోగం ఊపులో "అందరికీ నేనే గిఫ్ట్ చేస్తా" అంటాడు. స్టీమ్‌లో రెండు దేశాల ధరల మధ్య తేడా ఎక్కువ ఉంటే గిఫ్ట్ పంపనివ్వదు. కాబట్టి ఎవరిది వాళ్లే కొనుక్కోండి, తొందర లేకపోతే స్టీమ్ సేల్ దాకా ఆగండి, డీప్ రాక్ ధర సేల్‌లో బాగా తగ్గుతూ ఉంటుంది. వాడికి ఖర్చుపెట్టాలని అంత ఉబలాటంగా ఉంటే బోర్డ్ గేమ్ అరీనా ప్రీమియం తీసుకోమనండి. ఒక్కడికి ప్రీమియం ఉంటే, వాడు తెరిచిన బల్ల దగ్గర మిగతావాళ్లు పైసా కట్టకుండా ఆడచ్చు.